మా అన్న నా సైకిలుతో మాట్లాడాడు

మా అన్నకూ నాకూ ఆరేళ్ళు మాటల్లేవు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఇది సైకిలు గోలే అయినా, ఆ సైకిలు కిర్రుమనకపోయి ఉంటే నేను ఆయన షాపు గడప తొక్కేవాణ్ణి కాదు.

కళ్యాణదుర్గంలో బోరు మోటార్లు బాగుచేసే షాపులు వీధికి రెండు ఉన్నాయి. వానలు లేని ఊళ్ళో వానకంటే మోటారు మెకానిక్కులకే మర్యాద ఎక్కువ. ఆ మెకానిక్కులకు కూడా అంతుబట్టని మోటారు వస్తే మా అన్న దగ్గరికి తోలుతారు. ఆయన పదో తరగతి తప్పాడు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు. జూనియర్ కాలేజీలో ఘర్షణ అనే పాఠం ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. తమ్ముడు చదువుకున్నాడని ఊరంతా చెప్పుకుని మురిసింది ఆయనే. ఆ మురిపెం నా నెత్తికెక్కింది, అంతే తేడా.

గొడవ మోటారు దగ్గర మొదలైంది. నాయన ఏడు బోర్లు వేస్తే ఒక్కదాంట్లో నీళ్ళు పడ్డాయి. ఆ ఒక్క బోరు మీదే మా ఇద్దరి చీనీ తోటలూ, అంటే బత్తాయి తోటలు, బతుకుతున్నాయి, ఒకరోజు ఆయనకు, ఒకరోజు నాకు. ఆరేళ్ళ కిందట నడి ఎండాకాలంలో మోటారు పట్టేసింది. పైకి లాగించాం. మా అన్న స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, షాఫ్టు చేత్తో తిప్పి, "పై బేరింగు పోయింది. రెండు దినాలు ఆగు, తెప్పిస్తా" అన్నాడు.

నేను ఆగితే కదా! చెట్లు వాడిపోతుంటే ఫిజిక్సు ఉబికి వచ్చింది. లోపలి రాగి తీగల చుట్టు, అదే వైండింగు, కాలిపోయి ఉంటుందని నాకు నేనే సిద్ధాంతం రాసుకున్నాను. ఆయన బేరింగు కోసం బళ్ళారికి పోయిన పూట, మోటారును టెంపోలో వేసుకుని అనంతపురంలో ఇంకో షాపుకు తీసుకుపోయాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదు మరి. అక్కడ విప్పి చూస్తే పై బేరింగు నుగ్గునుగ్గు. వైండింగు కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. షాపాయన నన్ను పైకీ కిందికీ చూసి, "ఈ మాత్రం దానికి ఇంత దూరం యాల మోసుకొచ్చినావప్పా? మీ ఊర్లోనే ఒగాయన ఉండాడు కదా" అని మా అన్న పేరు చెప్పాడు. ఆయన నా అన్న అని నేను చెప్పలేదు.

ఇంటికొచ్చి ఏం చెప్పానో తెలుసా? వైండింగు కాలిందన్నాను. ఊరంతా అదే చెప్పాను. సొంత తమ్ముడే నమ్మలేదంట, బేరింగనీ వైండింగనీ తేడా తెలియని మెకానిక్కంట అని బజారులో నాలుగు నెలలు చెప్పుకున్నారు. కొందరు గిరాకీలు వేరే షాపులకు తిరిగిపోయారు. మా అన్న ఒక్క మాట అనలేదు. అనకపోవడమంటే మామూలుగా కాదు, నాతో మాట్లాడటమే మానేశాడు. తప్పు నాదని తెలుసు. నోరు తెరిచి ఒక వాక్యం చెబితే అయిపోయేదానికి ఆరేళ్ళు మింగలేక కక్కలేక తిరిగాను. పాఠం తప్పు చెప్పినా బోర్డు తుడవని జాతి మాది.

అయితే మా వైపు మాటల్లేవంటే నిజంగా మాటల్లేవని కాదు. మధ్యలో ఒకరుండాలి. మనిషి దొరక్కపోతే గోడైనా, దూడైనా సరే. పక్కపక్కనే కూర్చుని గోడకు చెబుతాం, గోడే వాళ్ళకు చెప్పుకుంటుంది. నీళ్ళ వంతు సంగతులన్నీ మా వదినా, నా భార్యా మోసేవాళ్ళు. ఒక పెళ్ళిలో మా ఇద్దరి ఆకులూ పక్కపక్కన పడ్డాయి. వడ్డించేవాడు నా ఆకులో లడ్డు పెట్టబోతే మా అన్న తన ఆకు వంకే చూస్తూ, "ఆ యప్పకు వద్దప్పా, సుగరంట" అన్నాడు. నేను నా ఆకు వంకే చూస్తూ, "సగం పెట్టొచ్చని చెప్పప్పా" అన్నాను. వడ్డించేవాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లడ్డు తీసుకుని ముందుకు పోయాడు. ఆ రోజు చెయ్యి కడుక్కునేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. లడ్డు కోసం కాదు.

ఆ సుగరే సైకిలు తెచ్చింది. నడవమని డాక్టరు చెప్పాడు. నడిస్తే మోకాళ్ళు ఒప్పుకోలేదు. బెంగళూరులో ఉన్న మా బామ్మర్ది తను వాడి పక్కన పడేసిన రోడ్డు సైకిలును, "బావా, నీకోసమే ఉంచినా" అని నాకు అంటగట్టాడు. కార్బన్ ఫ్రేమ్ అట. చిటికెన వేలితో ఎత్తొచ్చు. వాడు అదే పనిగా ఎత్తి చూపించాడు. ఎత్తడానికైతే సంచీ కొనుక్కునేవాణ్ణి, తొక్కడానికి కదా అడిగింది.

మొదటిరోజు బిగుతు నిక్కరు, నెత్తిన పుచ్చకాయ చెక్కలాంటి టోపీ పెట్టుకుని రాయదుర్గం రోడ్డెక్కాను. టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన జాలిగా, "ఏమప్పా సారూ, బండి అమ్మేసినావా? జీతాలు రాలేదా?" అన్నాడు. స్టాండు లేదు, క్యారేజీ లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. "మిగిలినవి ఎప్పుడు పంపిస్తారంట?" అని ఇంకొకాయన అడిగాడు. అయినా నేను తొక్కాను. పొద్దున్నే గాలిమరల గుట్టదాకా పోయి రావడం. మూడు నెలల్లో సుగరు దిగింది. నాకు గర్వం ఎక్కింది. కరెక్టుగా అప్పుడే కిర్రుమనడం మొదలెట్టింది.

కుడికాలు తొక్కితే కిర్ర్. ఎడమకాలు తొక్కితే టక్. ఎత్తు ఎక్కేటప్పుడు రెండూ. వారం తిరిగేసరికి నేను రాకముందే నా చప్పుడు వచ్చేది. కుక్కలు లేచి నిలబడేవి. కాలేజీ పిల్లలు వెనక నుంచి కిర్ర్ టక్ అని వంత పాడేవాళ్ళు. ఘర్షణ పాఠం చెప్పే సారు సైకిలు ఘర్షణతో చస్తోంది. ఇంతకంటే అవమానం ఇంకేముంటుంది?

చప్పుడు ఎక్కడ నుంచి వస్తోందో చూడ్డానికి ఊరంతా దిగింది. మా వైపు బోరు వేయాలంటే ముందు పాయింటు పెట్టించాలి. ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు, టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్ళున్నట్టు. ఇంకొకాయన వేపపుల్ల పట్టుకుంటాడు. మూడో ఆయన చెప్పులు విడిచి నిలబడతాడంతే, అరికాళ్ళకు తెలుస్తుందట. ముగ్గురూ మూడు చోట్ల పెడతారు, మూడు చోట్లా దుమ్మే లేస్తుంది. నా సైకిలుకూ అట్లాగే పాయింట్లు పెట్టారు. పంక్చరు షాపాయన సీటు కింద గొట్టం అన్నాడు. విప్పి గ్రీసు పూశాను. పోలేదు. మా బాటనీ సారు పెడళ్ళన్నాడు. మార్చాను. పోలేదు. ప్రిన్సిపాల్ గారు కారు దిగి, అద్దాలు సవరించుకుని, హ్యాండిల్ అని సెలవిచ్చారు. ఆయన ప్రిన్సిపాలు కాబట్టి హ్యాండిల్ కూడా విప్పాను. ఎవరి కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళన్నారు. నాలుగో కాలు మాత్రం కిర్రుమంటూనే ఉంది.

వీడియోలో బామ్మర్దికి చూపించాను. వాడు బెంగళూరు షాపువాళ్ళను అడిగి చెప్పాడు. పాత సైకిళ్ళలో పెడళ్ళ మధ్య ఇరుసుకు మరలుంటాయి, కప్పులు తిప్పి బిగిస్తారు. దీంట్లో మరలు లేవు. బేరింగులను ఫ్రేమ్ బొక్కలోకి బలంగా అదిమి కూర్చోబెడతారు, అంతే. ఆ బిగువు తగ్గితే తొక్కిన ప్రతిసారీ వెంట్రుకవాసి కదిలి కిర్రుమంటుంది. "దానికి స్పెషల్ టూల్ కావాల బావా. లేకపోతే ఫ్రేమే మార్చేద్దామంటాండారు." ఫ్రేమ్ మారిస్తే మిగిలేది రెండు చక్రాలూ నా సుగరూ.

ఇక్కడ నేను చేసిన వెధవపని ఒకటి చెప్పాలి. చప్పుడంటే నూనె అని మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తలుపైనా, ఊయలైనా, మోకాలైనా మా దగ్గర ఒకటే మందు, చెనిక్కాయ నూనె. ఊరంతా పండేది ఆ వేరుశనగే, ఇంట్లో డబ్బాలకు డబ్బాలు ఉండేది ఆ నూనే. సైకిలు బోర్లించి ఆ ఇరుసు సందుల్లోకి రెండు గరిటెలు పోశాను. అబ్బ, రెండు రోజులు చప్పుడు లేదు! ప్రిన్సిపాల్ గారికి కూడా చెప్పుకున్నాను. మూడో రోజు ఎర్రమట్టి దుమ్ము పట్టి, చప్పుడు ముందుకంటే రెట్టింపైంది. నాలుగో రోజు ఫ్రేమంతా చీమలు. నేను తొక్కుతుంటే నా తొడల మీదికి ఊరేగింపుగా వచ్చాయి. గాలిమరల గుట్ట దగ్గర నడిరోడ్డు మీద నేను వేసిన చిందులు ఆ తరువాత కాలేజీ గోడల మీద బొమ్మలుగా వెలిశాయి.

ఇల్లు చేరి సైకిలును గోడకేసి కొట్టబోయాను. నా భార్య కాఫీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి ఉంది. "బేరింగే కదా అది?" అంది.

"అయితే ఏం?"

"బేరింగులకు ఈ జిల్లాలో పేరున్న మనిషి మీ అన్న. నాలుగు వీధుల అవతల ఉండాడు. బెంగళూరు దాకా అడిగినారు, ఆడికి పోవడానికి ఏం రోగం?"

వైండింగు కాలలేదన్న నిజం ఆమెకు కూడా చెప్పి ఉండలేదు. "ఆయప్ప మాట్లాడడు" అన్నాను.

"మీరు మాట్లాడినారా?" అని కాఫీ నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

నిజం చెప్పొద్దూ, ఆ మాటకు నాకు కోపం రావాల్సింది పోయి సంతోషం వేసింది. వెళ్ళడానికి ఒక సాకు దొరికింది. చప్పుడు పోవాలని ఎంత ఉందో, ఆయనతో మాట కలవాలని అంతకు నాలుగింతలుంది. చేయాల్సింది కూడా తెలుసు. ఆ వైండింగు అబద్ధం ఆయన ముందు విప్పాలి. అదొక్కటే నాకు చేతకావడం లేదు. సైకిలు విప్పడం సులువు.

ఆదివారం పొద్దున సైకిలు నడిపించుకుంటూ పోయాను. షాపు ముందర ఎప్పటిలాగే రాగి తీగ చుట్టలు, వార్నీషు వాసన, వరసగా పడుకోబెట్టిన మోటార్లు. మా అన్న పీట మీద కూర్చుని ఒక మోటారు మూత విప్పుతున్నాడు. తలెత్తాడు. నన్ను చూడలేదు. సైకిలును చూశాడు.

"ఏమప్పా సైకిలూ, యాడ నుంచి వచ్చినావు?" అన్నాడు.

సమాధానం చెప్పాలి, కానీ ఎవరికి? బల్ల మీద అయిదు గుర్రాల బోరు మోటారు ఒకటి ఉంది. దాని వైపు తిరిగాను. "మోటారప్పా, సైకిలు నెల దినాలుగా కిర్రుమంటాందని చెప్పు."

"సైకిలప్పా, నీ మీద ఎక్కేటోళ్ళను రోంత ఎక్కి తొక్కమను."

గోడ పట్టుకుని ఎక్కి తొక్కాను. ఎదుటి టీకొట్టులో ఉన్నవాళ్ళు గ్లాసులు దించేశారు. ఇద్దరు నెరిసిన తలల మనుషులు, ఒకడు సైకిలుతో, ఒకడు మోటారుతో ముచ్చట్లాడుతుంటే చూడ్డానికి టికెట్టు అక్కర్లేదు. మా అన్న స్క్రూడ్రైవరు మొన ఫ్రేముకు ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. రెండో చెయ్యి పెడళ్ళ మధ్యన చదునుగా ఆనించాడు. నాలుగు తొక్కులకే స్క్రూడ్రైవరు దించి, "ఈడ ఉండాది రోగం" అని ఇరుసు మీద వేలు పెట్టాడు. ఊరంతా నెలరోజులు పెట్టిన పాయింట్లు ఒక్క వేలితో పూడ్చేశాడు.

పెడళ్ళ కాడలు విప్పి, ఇరుసు లాగి లోపలికి చూశాడు. ఎర్రమట్టి, నూనె, చచ్చిన చీమలు కలిసి పచ్చడిలా గూడు కట్టుకుని ఉన్నాయి. వేలితో తీసి వాసన చూశాడు.

"సైకిలప్పా, నిన్ను ఎవురప్పా తాళింపు పెట్టింది?"

టీకొట్టు ఘొల్లుమంది. నేను మోటారు వంక చూశాను. మోటారుకు కూడా నవ్వొచ్చినట్టుంది. "మోటారప్పా, జరిగిపోయిన విషయాలు ఇప్పుడెందుకని చెప్పు" అన్నాను.

"మరలు లేవే ఈడ! బేరింగు అదిమి పెట్టినారు అంతే. ఇది మన మోటారు పనే కదా సైకిలప్పా, దీనికి బెంగళూరు దాకా అడిగినారంట, యాల?" అంటూ సుత్తి అందుకున్నాడు. "మోటారప్పా, అది ఇనుము కాదు, కార్బన్. దెబ్బ పడితే పగులుతాదని చెప్పు" అని గట్టిగా అన్నాను. మా అన్న సుత్తి పక్కన పెట్టి, ఫ్రేమును గోటితో గీకి, కాసేపు ఆలోచించాడు. చెక్కముక్కను అడ్డం పెట్టి, గుడ్డ చుట్టి, పసిబిడ్డ వీపు తట్టినట్టు చుట్టూ తట్టి తట్టి రెండు బేరింగులూ బయటికి తీశాడు. వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. బేరింగులు చక్కగా తిరుగుతున్నాయి. కూర్చునే చోటే వదులైంది. స్పిరిట్టుతో లోపల మచ్చ లేకుండా తుడిచాడు. బేరింగు వదులైన మోటార్లకు పూసే పచ్చ లోషను సన్నగా పూశాడు. అది గట్టిపడితే సందు మూసుకుంటుంది, ఇక కదలదు.

ఇప్పుడు బేరింగులు వంకర పోకుండా రెండు వైపులా సమంగా లోపలికి అదమాలి. దానికి ఆయన దగ్గర స్పెషల్ టూల్ ఎప్పటి నుంచో ఉంది. పొడుగాటి మరల కడ్డీ, రెండు నట్లు, నాలుగు మందపు వాషర్లు. ఒక వైపు నట్టు పట్టుకుంటే రెండో వైపు తిప్పాలి. పనివాడు ఏదో ఊరికి మోటారు ఎత్తడానికి పోయి ఉన్నాడు.

"సైకిలప్పా, నిన్ను తెచ్చినోళ్ళకు చేతులుంటే అవతల స్పానరు పట్టుకోమను."

పట్టుకున్నాను. మా మధ్య ఫ్రేమ్ వెడల్పంత దూరం, జానెడు. ఆరేళ్ళలో ఆయన పక్కన ఇంత దగ్గరగా నిలబడింది లేదు. కణతల దగ్గర వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి. ఆయన తిప్పుతున్నాడు. బేరింగు కొంచెం కొంచెంగా దిగుతోంది. ఇంతలో నా వైపు సన్నగా టిక్కుమంది.

"మోటారప్పా, ఈ పక్క ఏదో టిక్కుమంటాంది" అన్నాను.

ఆయన తిప్పుతూనే ఉన్నాడు. మళ్ళీ టిక్. బేరింగు ఒక పక్కకు ఒరుగుతోంది, కార్బన్ అంచు మీద పడుతోంది. "మోటారప్పా, ఆపమను!" అని మోటారు వైపు తిరిగి అన్నాను. తలెత్తలేదు, ఆపలేదు. మొండితనం చేస్తున్నాడనుకున్నాను. ఒళ్ళు మండింది. మోటారునూ మర్యాదనూ వదిలేసి, ఆయన మణికట్టు పట్టుకుని, "అన్నా, ఆపన్నా! పగుల్తాంది!" అని అరిచాను.

ఆపాడు. నా చేతి వంక, తరువాత నా మొహం వంక చూశాడు.

"టిక్కుమనింది. రెండుసార్లు. వినపడలేదా?"

ఆయన టీకొట్టు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు. "వినపడదురా. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమదాంట్లో సన్న సప్పుళ్ళు పడవు. రెండేండ్లయింది."

ముప్పై ఏళ్ళు గ్రైండరు పక్కన, తిరిగే మోటార్ల పక్కన కూర్చున్న చెవులు. అంతకుముందు వీధిలో పోయే ట్రాక్టరును విని ఏ చక్రం బేరింగో చెప్పిన మనిషి.

"మరి స్క్రూడ్రైవరు?"

"అది గిరాకీ కోసం. చెవిటి మెకానిక్కు కాడికి మోటారు ఎవురు తెస్తారు? చేత్తో చూస్తా. చేతికి శానా తెలుస్తాది. కొన్ని తెలీవు." నట్టు వెనక్కి తిప్పుతూ, "మీ వదినకు తప్ప ఎవురికీ తెలీదు. ఇంక నువ్వే చెప్పాల, యాడ టిక్కుమంటాదో" అన్నాడు.

బేరింగు బయటికి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాం. ఈసారి ఆయన చెయ్యి, నా చెవి. "ఇప్పుడు?" "లేదన్నా." "ఇప్పుడు?" "మెత్తగా పోతాంది." "ఇప్పుడు?" బేరింగు అడుగు తగిలినప్పుడు బొంగురుగా ఒక చప్పుడు వచ్చింది, చెప్పాను, ఆపేశాడు. రెండో వైపూ అట్లాగే. అరగంట సేపు మేము మాట్లాడుకున్నది "ఇప్పుడు?", "లేదు", ఈ రెండు మాటలే. కానీ ఆ అరగంటలో సైకిలుకూ మోటారుకూ మా మధ్య పనేమీ లేకపోయింది.

"లోషను గట్టిపడాల. రేపు వచ్చి తొక్కి చూడు" అని చేతులు తుడుచుకున్నాడు.

మరుసటి రోజు కాలేజీకి సెలవు పెట్టాను. సుగరుకు పెట్టని సెలవు బేరింగుకు పెట్టాను. షాపు ముందర ట్రాలీలో మోటారు తెచ్చుకున్న ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. టీకొట్టు నిండుగా ఉంది, నిన్నటి ఆట ఈ రోజు కూడా ఉంటుందని వచ్చారు కాబోలు. పెడళ్ళు బిగించి సైకిలు ఇచ్చాడు. బస్టాండు ఎత్తు ఎక్కాను, లేచి నిలబడి తొక్కాను, కుడికాలు, ఎడమకాలు. చప్పుడు లేదు. టైర్ల కింద కంకర తప్ప ఏమీ వినపడలేదు. తిరిగి వస్తూ ఒక పాడుబుద్ధి పుట్టింది. ఇంకా కొంచెం ఉందని చెబితే రేపు కూడా రమ్మంటాడు కదా! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

షాపు ముందర ఆయన నిలబడి ఉన్నాడు. "ఉండాదా?"

"లేదన్నా. పూర్తిగా పొయ్యింది."

"సరే" అన్నాడు. అంతే. ఎక్కి చూడలేదు, చెయ్యి ఆనించి చూడలేదు, మళ్ళీ అడగలేదు. నేను చెప్పాను, ఆయన నమ్మాడు. పీట లాక్కుని రైతుల మోటారు ముందర కూర్చున్నాడు.

అప్పుడు తగిలింది నాకు. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఆయన చెప్పిన ఒక్క మాట నమ్మడానికి రెండు రోజులు ఆగలేని నేను, నా చెవి మాట మీద పని ముగించేసిన ఆయన. పక్కన కూలబడ్డాను.

"అన్నా, ఆ మోటారు... బేరింగే" అని గొణిగాను.

ఆయన నా మొహం వంక చూశాడు. "ఏందీ?"

"ఆరేండ్ల కిందట. వైండింగు కాదు."

"గట్టిగా చెప్పరా."

రైతులు చూస్తున్నారు. టీకొట్టు చూస్తోంది. ఆయన చెవుల సంగతి వాళ్ళకు తెలియకూడదు, నా అబద్ధం సంగతి వాళ్ళకు తెలియకుండా గట్టిగా చెప్పడం కుదరదు. అరవైమంది పిల్లల వెనక బెంచీకి వినపడే గొంతుతో అరిచాను. "వైండింగు కాలలేదన్నా! నువ్వు చెప్పినట్టు బేరింగే పోయింది! నేనే ఊరంతా అబద్ధం చెప్పినా!"

టీ కాచేవాడు గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. నా చెవులు వేడెక్కిపోయాయి.

మా అన్న స్క్రూడ్రైవరు అందుకుని మోటారు మూత బోల్టు మీద పెట్టాడు. "తెలుసులేరా. ఆ అనంతపురమాయన ఆ దినమే ఫోను చేసినాడు. మీ ఊరి నుంచి ఒగాయన మోటారు తెచ్చినాడు, పై బేరింగు నుగ్గయిందని. మన మోటారేనని నాకు తెలీదా?"

"తెలుసా? మరి ఆరేండ్లూ ఎవరికీ యాల చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని చూస్తాంటి."

కాసేపు నాకు ఏమీ కనపడలేదు. కళ్ళు తుడుచుకుని, రైతులకు వినపడకుండా ఆయన మొహానికి దగ్గరగా వంగి అడిగాను. "మరి నేను మొదట చెప్పింది వినపడలేదా? అంత గట్టిగా యాల అరిపించినావు?"

"నీ మూతి చూస్తేనే తెలిసిపొయ్యింది" అన్నాడు బోల్టు తిప్పుతూ. "నాకు కాదురా, బజారుకు."